మందలో సగం నేను

నేను ఐస్‌లాండ్ జాతి పొట్టేలును. నా మేత, నా కొట్టం మిషిగన్‌లో, నోవైకి వాయవ్యాన హోవెల్ దగ్గర. మందలో ఆడగొర్రెలు పదిహేనుకు మించవు. ఇంత చిన్న మందలో ఒకే పొట్టేలును నిలిపితే, ఆ ఏడు పుట్టే ప్రతి పిల్లలో సగం దాని రక్తమే.

ఆ సంగతి తెలిసిన మనిషి కాబట్టే మా యజమానురాలు నన్ను కొనడానికి వచ్చినప్పుడు ముందు నా వైపు చూడలేదు. మా అమ్మ దగ్గరకు వెళ్లింది. పొదుగు పట్టి చూసింది. ఈతకు రెండేసి పిల్లల్ని వేస్తుందా, రెండింటికీ చాలినంత పాలిస్తుందా అని అడిగింది. నా కూతుళ్ల పొదుగు ఎలా ఉండబోతుందో నన్ను చూస్తే తెలియదు కదా!

తర్వాత నా వంతు. నడుము మీద చెయ్యి వేసి కండ నొక్కింది. కాళ్లు, పళ్లు, వృషణాలు చూసింది. కొమ్ములు పెరిగాక దవడను ఒత్తకుండా ఎడం ఉందా అని వేళ్లు పెట్టి చూసింది. ఉన్ని పాయ తీసి, పైనున్న పొడవాటి టోగ్‌ను, లోపలి మెత్తని థెల్‌ను విడదీసింది. చివరికి కింది కనురెప్ప లాగింది. మిషిగన్ వేసవి తేమలో రక్తం పీల్చే కడుపు పురుగులు విపరీతంగా పెరుగుతాయి. రెప్ప లోపల పాలిపోతే రక్తం తగ్గినట్టే. నాకంటే అందమైన కొమ్ములున్న నా జతగాడి రెప్ప తెల్లగా ఉంది. వాణ్ణి వదిలేసింది. నా నలుపు కూడా ఆమెకు నచ్చింది. మా జాతిలో తెలుపుదే పైచేయి. తెల్ల గొర్రెల్లో దాగిన నలుపు పిల్లల్లో బయటపడాలంటే నాలాంటివాడు కావాలి.

ఇంత పరీక్ష అవసరమా అనేవాళ్లకు మా పూర్వీకుల దేశం కథ చెబుతాను. ఐస్‌లాండ్‌లో 1933లో మందల్ని బాగుచేద్దామని జర్మనీ నుంచి కారకుల్ గొర్రెల్ని తెచ్చారు. పైకి ఆరోగ్యంగా కనిపించిన వాటితో ఊపిరితిత్తుల రోగాలు, పేగుల రోగం దిగాయి. వాటిని ఆపడానికి ప్రాంతాలకు ప్రాంతాలే మందల్ని కోసెయ్యవలసి వచ్చింది. మావాళ్లు ఉత్తర అమెరికాకు 1985లో వచ్చారు, మొదట కెనడాలోని ఆంటారియోకు. వచ్చినవాళ్లు కొద్దిమందే. అందుకే ఇక్కడ ఎవరు ఎవరికి చుట్టమో కాగితాల మీద చూడకుండా జతకట్టించరు.

లేబర్ డే వారాంతంలో నన్ను నోవైలో జరిగే మిషిగన్ స్టేట్ ఫెయిర్‌కు తెచ్చారు. 1849లో మొదలై, డెట్రాయిట్‌లో 2009తో ఆగిపోయి, ఆపైన నోవైలో మళ్లీ లేచిన సంత ఇది. పిల్లలు నా కొమ్ములతో ఫొటోలు దిగారు. ఒక పెద్దాయన మాత్రం, కొడుకు దగ్గరకు నెల్లూరు నుంచి వచ్చినవాడట, యజమానురాలి అనుమతి అడిగి నా నడుము మీద చెయ్యి వేశాడు. సరిగ్గా వెయ్యాల్సిన చోటే వేశాడు.

“దీని తల్లికి ఈతకెన్ని పిల్లలో అడుగు నాయనా,” అన్నాడు మనవడితో.

“రెండేసి అంట తాతా.”

“మా జోడిపి గొర్రెకు ఒకటే. ఇంత బొచ్చూ ఉండదు. అయినా విత్తనపు పొట్టేలును చూడ్డం ఎక్కడైనా ఒకటేలే. రెండేళ్లకు మారుస్తారా అని కూడా అడుగు.”

మారుస్తుంది మా యజమానురాలు. నవంబరులో నన్ను గొర్రెల్లోకి వదిలితే ఐదు నెలల లోపే, ఏప్రిల్లో ఈనుతాయి. ఆ పిల్లల్లో ఆడవి ఎదిగి మందలో కలిశాక నేను ఇక్కడ ఉండకూడదు; కూతుళ్లతో జతకడితే పిల్లలు బలహీనపడతాయి. నా తర్వాత వచ్చేవాడిలో ఏం ఉండాలో ఆమె ఇప్పటికే రాసిపెట్టుకుంది. స్క్రేపీ అని, మెదడును తినేసే రోగం ఉంది. దాన్ని తట్టుకునే ఏఆర్‌ఆర్ జన్యురూపం మా జాతిలో లేదనే అనుకునేవారు. 2022లో తూర్పు ఐస్‌లాండ్‌లోని థెర్నునెస్ అనే పొలంలో కొన్ని గొర్రెల్లో దొరికింది. నా పరీక్షలో అది లేదని వచ్చింది. నేను పాలను, కండను, పురుగుల్ని తట్టుకునే ఒంటిని ఇచ్చి వెళతాను. ఆ జన్యురూపం తెచ్చేవాడు నా కూతుళ్ల దగ్గరకు రావాలి.