కాలు కదపకుండా చించోటి జలపాతం: భివండి శాంతినగర్ వాళ్లకు పది చిట్కాలు

జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే భివండిలో ప్రతి మరమగ్గాల కార్ఖానాలోనూ ఒకడు బయల్దేరుతాడు. "అన్నా, ఈ శుక్రారం చించోటి పోదామా?" అంటాడు. నలభై సాంచాలు, అంటే మగ్గాలు, ఒక్కసారి ఆడుతున్నా ఆ మాట మాత్రం అందరికీ వినబడుతుంది. సాయంత్రానికి బిస్సీలో బువ్వ దగ్గర పదిమంది జమవుతారు. ఆ పదిమందిలో మీ పేరు కూడా ఉంటుంది.

కంగారు పడకండి. రోజుకు పన్నెండు గంటలు సాంచాల సందుల్లో నిలబడి, నడిచి, వంగి తెగిన పోగులు అతికే మనిషి కాళ్లు అవి. సాంచాలు ఆగే ఒక్క శుక్రవారం కూడా వాటిని కొండెక్కించడం దారుణం. అలాగని "నేను రాను" అంటే పిసినారి అంటారు, పెళ్లాం మాట వినేవాడంటారు. నడవకూడదు, ఖర్చు పెట్టకూడదు, వెళ్లొచ్చిన పేరు మాత్రం రావాలి. దానికి పద్ధతుంది. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు బుల్లెట్ రైలు పేరు చెప్పి వాయిదా వెయ్యండి.

"జర ఆగు తమ్మీ, బుల్లెట్ రైలు రానీ" అనండి. గట్టి సాకు ఇది, ఎందుకంటే సగం నిజం. జపాన్ షింకాన్‌సెన్ పరిజ్ఞానంతో కడుతున్న ముంబయి–అహ్మదాబాద్ లైనుకు ఒక డిపో మన తాలూకాలోనే, అంజూర్–భరోడి దగ్గర వస్తోంది. అక్కణ్నుంచి మాట జపాన్‌కు తిప్పండి. అక్కడ కోబె అనే ఊళ్లో 1972లో బుల్లెట్ రైలు స్టేషన్ కట్టారు, షిన్-కోబె అంటారు. దిగి స్టేషన్ వెనక్కి నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో నునోబికి జలపాతం. అందులో పెద్ద ధార 43 మీటర్ల ఎత్తు. పక్కనే కొండమీదికి 1991 నుంచి రోప్‌వే కూడా ఉంది. అద్దాల డబ్బాలో కూర్చుంటే కొండ దానంతటదే దిగిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోబెలో తెల్లారేసరికి లేచి రోజూ కొండెక్కే ఆచారం ఉంది. వయసు మీరినవాళ్లు కూడా ఎక్కుతారు, ఎక్కినందుకు గుర్తుగా కొండమీద సంతకం పెట్టి దిగుతారు. ఈ ముక్క నోరు జారి కూడా చెప్పకండి. రోప్‌వే చెప్పి ఆపెయ్యండి. "మన దగ్గరా స్టేషన్ పడ్డంక జలపాతం ఎన్కనే ఉంటది" అని ముగించండి. అంజూర్ చుట్టూ ఉన్నవి ఖాడీ, పొలాలు, గోదాములు. అయినా అడ్డం మాట్లాడేవాడుండడు. ఈ సాకు కొన్నేళ్లు నడుస్తుంది.

2. వాయిదా పారకపోతే నాయకత్వం లాక్కోండి.

వెంట వచ్చేవాడు నడవాలి. నాయకుడు నడిపిస్తే చాలు. అందుకని మొదట లేచి "లెక్క నేను చూసుకుంటా" అనండి. తలా ఇంత అని బుధవారమే వసూలు చెయ్యండి, ఎందుకంటే గురువారానికి చాలామంది జేబులో ఏమీ మిగలదు. చిట్టీ రాయకండి. రాసిన కాగితం మీకు తప్ప అందరికీ పనికొస్తుంది. మీ వాటా మాత్రం "పగార్ రాంగనే కలుపుతా" అని చెప్పి వదిలెయ్యండి.

3. రైలుకు వెళ్లండి, రైలు వెళ్లాక.

భివండి రోడ్ స్టేషన్‌లో వసాయి వైపు బండి ఎక్కితే ఖార్బావ్ దాటగానే కామన్ రోడ్ వస్తుంది. చించోటికి అది దగ్గరే. దివా–వసాయి లైను మీద రైళ్లు చాలా తక్కువ. ముంబయి లోకల్‌లాగా ఒకటి పోతే వెనకాలే ఇంకొకటి రాదు. మనకు కావలసింది అదే. టైము మీరే కనుక్కోండి, జట్టుకు మాత్రం అరగంట ఆలస్యంగా చెప్పండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి "రైల్వేవాళ్లను నమ్మకూడదు" అని తల ఊపండి. దాంతో రెండు గంటలు గడుస్తాయి, ఆ రెండు గంటలూ మీరు కూర్చునే ఉంటారు.

4. ఆ తర్వాత రోడ్డెక్కండి. బండి మీది కాకూడదు.

సడ్డకుడి బండి అడగండి. అడిగేటప్పుడు చించోటి పేరు ఎత్తకండి, "కళ్యాణ్ నాకా దాకా పోయొస్తా" అనండి. అంజూర్ ఫాటా నుంచి కామన్ మీదుగా చించోటి దాకా ఉన్న రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో భివండిలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. గుంతలో నీళ్లుంటాయి, ఆ నీళ్ల కింద ఇంకో గుంత ఉంటుంది. గోదాములకు పోయే కంటైనర్లు ముందొకటి, వెనకొకటి. ముందు చక్రం వంగుతుంది, సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయి. మీకేమీ నష్టం లేదు, బండి మీది కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు రాత్రి పదకొండు దాటాక, వాళ్లు పడుకున్నాక, గోడవారగా నిలిపి తాళంచెవి కిటికీలోంచి వెయ్యండి. ఆ సంవత్సరం దసరాకు వాళ్లింటికి పిలుపు రాదు, బట్టలు పెట్టే ఖర్చు తప్పుతుంది.

5. హవాయి చెప్పులు వేసుకోండి, పాతవి.

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చించోటి జలపాతం హైవే పక్కన లేదు. తుంగారేశ్వర్ అభయారణ్యం అడవిలో చాలాసేపు నడవాలి. బురద, వేర్లు, మధ్యలో వాగు, ఆపైన నల్లరాళ్లు. ఈ వైపు సహ్యాద్రి అంతా లావా గడ్డకట్టిన రాయే. వానలో దానిమీద పాకుడు పడితే గట్టి పట్టున్న బూట్లు కూడా జారతాయి. ఆ బూట్లు వేసుకున్నవాడు పాపం చివరిదాకా నడవాల్సిందే. మీకా అవస్థ వద్దు. బయల్దేరే ముందురోజే చెప్పు పట్టీని బ్లేడుతో సగం కోసి ఉంచండి. అడవి మొదలుకాకముందే తెగుతుంది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని "మీరు పోండి, నాకోసం ఆగకండి" అనండి. గొంతు కాస్త వణకాలి. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న చాయ్ బండి దగ్గర బల్ల చూసుకోండి.

6. తిండి సంచి మీ ఒళ్లోనే ఉండాలి.

"అడవిల కోతులుంటయి" అనండి, ఉంటాయి కూడా. జట్టులో వదినలు చేసి పంపిన సర్వపిండి, సకినాలు, పులిహోర ఉన్న సంచి ఎవరి దగ్గరుంటే వాళ్లదే ఆ రోజు. తడిసిన కాళ్లతో, ఆకలితో వాళ్లు తిరిగొచ్చేసరికి సంచిలో పచ్చడి సీసా ఒక్కటే మిగలాలి. అడిగితే కోతుల పేరు చెప్పండి. పచ్చడి ఎందుకు తినలేదంటే, కోతులు కారం తినవు.

7. పోలీసుతో వాదించండి.

ఏటా వానలు ముదిరాక జలపాతాల దగ్గరికి పోవద్దని ఉత్తర్వులొస్తాయి. చుట్టూ కిలోమీటరు దాకా గుంపులు కూడకూడదు, మందు తాగకూడదు, ధార కింద నిలబడకూడదు, అంచున సెల్ఫీలు దిగకూడదు. ఇదివరకు 144 సెక్షన్ అనేవాళ్లు, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. చదివినవాడు ఇంటికి తిరిగిపోతాడు. తెలివైనవాడు వాదన మొదలుపెడతాడు.

మొదటి వాదన, జిల్లా సరిహద్దు. భివండి ఠాణే జిల్లా. చించోటి పాల్ఘర్ జిల్లా, 2014 ఆగస్టు 1న ఠాణే నుంచి విడిపోయింది. "సాబ్, మాది ఠాణే జిల్లా, మీ ఆర్డర్ మాకు పడదు" అనండి. ఠాణే జిల్లా జలపాతం దగ్గర ఆపితే "నేను పాల్ఘర్‌లో పనిచేస్తా" అనండి. రెండో వాదన, భాష. బోర్డు మరాఠీలో ఉంది కాబట్టి అర్థం కాలేదని చెప్పండి. అప్పటికి ఐదు నిమిషాల కిందే అదే కానిస్టేబుల్ పక్కన నిలబడి మీరు మరాఠీలో వడాపావ్ బేరమాడి ఉంటారు, దాన్ని పట్టించుకోకండి. మూడో వాదన, 144 రద్దయింది కదా అన్నది. దీన్ని గట్టిగా, పదిమంది వినేలా చెప్పండి. వ్యానెక్కిస్తారు. వ్యానులో సీటుంటుంది, పైన కప్పు ఉంటుంది, వాన తగలదు, నడక అసలే ఉండదు. జట్టు మొత్తాన్ని మీతోపాటు ఎక్కిస్తే ఇంకా మంచిది, వాళ్లెవరూ జలపాతం చూసొచ్చి మీముందు గొప్పలు పోరు.

8. వాగు దాటకండి.

చిట్కాలన్నిటిలోకి నాకు ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో చెయ్యాల్సిన పనే లేదు. మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండమీద వాన దంచుతుంటే కింద వాగు పెరుగుతుంది. ఆ నల్లరాయి నీళ్లు తాగదు, పడ్డది పడ్డట్టు కిందికి తోసేస్తుంది. మోకాలి లోతులో దాటినవాళ్లు గంట తర్వాత తిరిగొచ్చేసరికి దారి ఉండదు. 2018 జులైలో చించోటిలో జరిగింది అదే. వందమందికి పైగా అవతల చిక్కుకుపోయారు. వాళ్లను బయటికి తేవడానికి జాతీయ విపత్తు స్పందన దళం రావలసి వచ్చింది, అయినా ఒక ప్రాణం పోయింది. 2019 ఆగస్టులో ఖార్‌ఘర్ పాండవ్‌కడా జలపాతం దగ్గర నలుగురు కాలేజీ పిల్లలు పోయారు. 2024 జూన్ 30న లోనావాలా భూశీ డ్యాం వెనక ధారలో ఒకే ఇంటివాళ్లు ఐదుగురు కొట్టుకుపోయారు. ఒకరినొకరు గట్టిగా పట్టుకునే ఉన్నారు. ఆ నీళ్లముందు పట్టు పనికిరాదు.

కాబట్టి సోమరిగా ఉండండి, ఇవతలి ఒడ్డునే ఉండండి. తేట నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా అప్పుడు మాత్రం లేచి ఎత్తుకు నడవండి. చాయ్ డబ్బులు తర్వాత చూసుకోవచ్చు. ఆ రోజు మొత్తానికి మీరు నడవాల్సిన నడక అదొక్కటే. మీ జట్టువాడు ఎవడైనా వాగులో కాలు పెట్టబోతే చొక్కా పట్టుకుని లాగండి. చిరిగినా పరవాలేదు, అది వాడి చొక్కా.

9. ఫొటో ఇంట్లోంచే తీసుకెళ్లండి.

జలపాతం చూడలేదు కాబట్టి సాక్ష్యం కావాలి. తెలంగాణలో సొంతూళ్ల వైపు జలపాతాల ఫొటోలు ఫోన్‌లో ముందే దాచుకోండి: వాజేడు దగ్గరి బొగత, కడెం నది మీది కుంటాల, సైదాపూర్ దగ్గరి రాయికల్. కారిపోయే గొడుగు కింద తడితలతో ఒక సెల్ఫీ దిగి, దాని పక్కన బొగత ఫొటో పెట్టి, చించోటి అని రాసి స్టేటస్ పెట్టండి. బొగత అడ్డంగా వెడల్పుగా పరుచుకుని పడుతుంది, చించోటికి అంత వెడల్పు లేదు. ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? ములుగు నుంచి మీ మేనమామకు తెలుస్తుంది. "మా ఊరికొచ్చి మా ఇంటికి రాకుండ పోతవారా?" అని ఫోన్ చేస్తాడు. "లేదు మామా, నేను అటు రాలేదు" అంటే స్టేటస్ అబద్ధమని తేలుతుంది, "అవు మామా" అంటే మర్యాద పోయినట్టు. ఫోన్ ఎత్తకండి. వారం తర్వాత మీ అమ్మకు ఫోన్ పోతుంది, అదీ ఎత్తకండి.

10. శనివారం పనికి పోకండి.

చేసిన కష్టానికి ఒళ్లునొప్పులు రావాలి, రాకపోతే ఎవరూ నమ్మరు. పొద్దుటి షిఫ్టుకు ఎగ్గొట్టి సేఠ్‌కు కబురు పంపండి. ఒకే కారణం చెబితే అనుమానిస్తారు, మూడు చెప్పండి: జ్వరం, చెప్పు తెగి కాలు బెణికింది, పోలీసు స్టేషన్‌లో ఆలస్యమైంది. మూడో కారణం విన్నాక సేఠ్ మిగతా రెండూ అడగడు. మీ నాలుగు సాంచాల మీద బద్లీ మనిషి నిలబడతాడు. మీటరు లెక్క పగార్ కాబట్టి నేసినవాడిదే కూలి. ఆ వారం పగార్ తగ్గుతుంది, అంతే కదా. రెండోసారీ ఇలాగే చేస్తే బద్లీ మనిషికి ఆ సాంచాలు పర్మినెంట్ అవుతాయి. అప్పుడు మీకు శనివారం కూడా సెలవే, ఆదివారం కూడా.

ఇక లెక్క. ఎవరైనా బుధవారం ఇచ్చిన పైసల సంగతి అడుగుతారు, అడగక మానరు. పెట్రోలు, చాయ్, వ్యానులోంచి దిగడానికి అయిన ఖర్చు అని వేళ్లమీద చెప్పుకుంటూ పోండి. చివర్లో వాళ్లే మీకు ఇంకో యాభై బాకీ ఉన్నట్టు తేల్చండి. ఈ లెక్క ఒక్కసారి వింటే చాలు. వచ్చే జూన్‌లో ఎంత వాన పడ్డా మిమ్మల్ని చించోటికి ఎవరూ రమ్మనరు. ఒకవేళ కొత్తగా చేరిన కుర్రాడెవడైనా తెలియక పిలిస్తే, మళ్లీ ఒకటో చిట్కా నుంచి మొదలుపెట్టండి. అప్పటికి అంజూర్ డిపో ఎంతవరకు వచ్చిందో కనుక్కుని ఉంచుకోండి, సాకు కొత్తగా ఉంటుంది.