తమ్ముడూ, ట్యాక్స్ పుస్తకం ముట్టుకోకు

డల్లెస్‌లో విమానం దిగి, రూట్ 28 పక్కన అపార్ట్‌మెంట్ తీసుకుని, మొదటి జీతం పడ్డాక షాంటిలీలో ఎవరికైనా రెండు సందేహాలొస్తాయి. మంచి గోంగూర ఎక్కడ దొరుకుతుంది? ఈ ట్యాక్సు గొడవేంటి? గోంగూర కోసం ఎంత దూరమైనా వెళ్లు తమ్ముడూ, తప్పులేదు. ట్యాక్సు కోసం మాత్రం వీకెండ్ పార్టీలో బేస్‌మెంట్‌లోకి దిగితే చాలు. బిర్యానీ ట్రే పక్కన, అమెరికాలో ఎన్నో ఏళ్లుగా పాతుకుపోయిన అన్నయ్య ఒకాయన ఉంటాడు. ఆయన మాటే చట్టం. ఐఆర్‌ఎస్ వాళ్లు బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల కోసమే పబ్లికేషన్ 519 అని ఒక పుస్తకం ఉచితంగా పెట్టారు గానీ, దాని జోలికి పోకు. చదివితే అన్నయ్యతో వాదించాలనిపిస్తుంది. వాదిస్తే మళ్లీ పార్టీకి పిలవరు.

అన్నయ్య చెప్పే మొదటి మాట, జీతం పెంచుకోవద్దని. బ్రాకెట్ దాటితే మొత్తం జీతం మీద పెద్ద రేటు పడి, చేతికొచ్చేది తగ్గిపోతుందట. నమ్ము. లెక్క మాత్రం వేయకు, వేస్తే నమ్మకం పోతుంది. సరే, పనిలేనివాడెవడో వేశాడనుకో. 2025 సంవత్సరానికి పెళ్లికానివాడి స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు. జీతం 1,19,100 అయితే, అది తీసేశాక పన్ను పడేది 1,03,350 మీద. సరిగ్గా అక్కడే 22 శాతం ఆగి 24 శాతం మొదలవుతుంది. ఇప్పుడు మేనేజరు 5,000 పెంచాడు. 24 శాతం పడేది ఆ 5,000 మీదే. 1,100 కట్టాల్సిన చోట 1,200 కడతావు, అంతే. కింది డబ్బంతా దాని పాత మెట్ల మీదే, 10, 12, 22 శాతాల దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. వర్జీనియాకి 17,000 దాటిన దగ్గర్నుంచీ ఒకటే రేటు, 5.75 శాతం. అంటే ఇంకో 287 పోతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి మరో 382. అన్నీ పోగా నీ చేతిలో 3,130 డాలర్లు మిగులుతాయి. ఇంత నష్టం ఎవడు భరిస్తాడు? రేపే మేనేజర్ని కలిసి, ఆ పెంపు నాకొద్దండీ అని చేతులు జోడించు.

జనవరి నెలాఖరుకి ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ-2 వస్తుంది. అంతకుముందే ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, మేమూ తెలుగువాళ్లమే, మీకు రిఫండ్ ఎంతొస్తుందో ఫ్రీగా చూసి చెబుతాం." నలుగురితో మాట్లాడి, ఎవరు ఎక్కువ చెబితే వాళ్లకే ఇవ్వు. అంత ఎలా వచ్చిందని అడిగి వాళ్ల మనసు కష్టపెట్టకు. ఇంటర్నెట్ బిల్లు, లాప్‌టాప్, కారు మైళ్లు, నీకే తెలియని ఆఫీసు కుర్చీ, అన్నీ జాబ్ ఖర్చుల్లో రాసేస్తారు. మామూలు జీతగాళ్లకి ఫెడరల్ రిటర్నులో ఆ మినహాయింపు 2018 నుంచే లేదన్నది చిన్న విషయం. ప్రిపేరర్ సంతకం, పీటిన్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉందా? పేరు కోసం పాకులాడని మనిషన్నమాట. నీ సంతకం మాత్రం ఉంటుంది. తర్వాత ఎవరైనా జవాబు అడిగితే ఆ సంతకం చేసినవాణ్నే అడుగుతారు. ఏడాదంతా నీ జీతంలో ఎక్కువ కోసుకున్న సొమ్మును వడ్డీ లేకుండా తిరిగిచ్చినా సరే, రిఫండ్ పడిన రోజు లాటరీ తగిలినట్టు స్వీట్లు పంచు.

అమ్మానాన్నలకు గుంటూరు డబ్బు పంపుతున్నావు కదా, ఇద్దర్నీ డిపెండెంట్లుగా రాసెయ్. అమెరికా పౌరులో, ఇక్కడి నివాసులో అయ్యుండాలి, కాదంటే కెనడాలోనో మెక్సికోలోనో ఉండేవాళ్లయినా సరే అంటుంది చట్టం. గుంటూరు మెక్సికోలో లేకపోవడం నీ తప్పు కాదుగా! తిరుమల హుండీలో వేసిన నోట్లు కూడా విరాళాల్లో చూపించు. పరాయి దేశపు సంస్థలకిచ్చింది ఇక్కడ చెల్లదంటే, వెంకన్నకి దేశమేంటని ఎదురడుగు.

ఇక అసలు విషయం, ఇండియా ఖాతాలు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ట్యాక్స్ లేదని హైదరాబాద్ బ్రాంచిలో చెప్పారు. ఏ దేశపు ట్యాక్స్ లేదో వాళ్లు చెప్పలేదు, నువ్వూ అడక్కు. పన్ను లెక్కలో ఇక్కడి రెసిడెంటువైతే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా లెక్కలోకే వస్తుంది. పీపీఎఫ్ వడ్డీ కూడా. నాన్న రిటైరైనప్పుడు పీఎఫ్ డబ్బు పడిన జాయింట్ ఖాతా ఒకటుంటుంది. అవసరానికి చెక్కు మీద సంతకం పెట్టడానికని నీ పేరు చేర్చారు. ఆ డబ్బు నీది కాదు కదా, మర్చిపో. నీ పేరున్న విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే రిపోర్టు దాఖలు చేయాలి. దానికి పన్ను లేదు, ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో పావుగంట పని. ఏప్రిల్ 15 దాటిపోతే అడక్కుండానే అక్టోబరు 15 దాకా గడువిస్తారు. పైసా పన్ను లేని కాగితం నింపడమెందుకని ఊరుకో. తెలియక వదిలేసినవాడికి కూడా జరిమానా 10,000 డాలర్లు దాటొచ్చు. కాకపోతే 2023లో బిట్నర్ కేసులో సుప్రీంకోర్టు, ఆ జరిమానా ఖాతాకొకటి కాదు, రిపోర్టుకొకటి అని తేల్చింది. చూశావా, డిస్కౌంట్! అసలు వాళ్లకెలా తెలుస్తుందంటావా? 2015 జులైలో రెండు దేశాలూ ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఫాట్కా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కేవైసీ అప్పుడు బ్యాంకు వాళ్లు ముందుకు జరిపిన కాగితం మీద నువ్వూ చేశావు, చదవకుండా. మంచి అలవాటు, మానుకోకు.

గడువు సంగతా? ఎక్స్‌టెన్షన్ పెట్టి హాయిగా పడుకో. పొడిగించేది ఫారం ఇవ్వడానికే, డబ్బు కట్టడానికి కాదన్న సంగతి వడ్డీ పడినప్పుడు ఎలాగూ తెలుస్తుంది. వర్జీనియా గడువు మే 1. ఫెడరల్ పంపేశాక రాష్ట్రానికి వేరే పంపాలని ఎవరికి గుర్తుంటుంది?

ఐఆర్‌ఎస్ నిన్ను మొదట పలకరించేది పోస్టులో. ఖాతా తెరిచినందుకు బ్యాంకు ఇచ్చిన 300 డాలర్ల బోనస్ 1099లో ఉంది, నీ రిటర్నులో లేదు, ఒప్పుకుంటావా కాదంటావా అని సీపీ2000 నోటీసు వస్తుంది. జవాబుకి గడువు కూడా అందులోనే ఉంటుంది. పిజ్జా కూపన్లతో పాటు దాన్నీ పారెయ్. ఫోన్ వస్తే మాత్రం వణికిపో. 2016లో ముంబై పక్కన ఠాణేలో, ఐఆర్‌ఎస్ అధికారులమంటూ అమెరికా వాళ్లను బెదిరిస్తున్న కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడి చేసి వందల మందిని అదుపులోకి తీసుకున్నారు. తీసుకుంటే ఏం? నీకు ఫోన్ చేసినవాడి గొంతు కటువుగా ఉంది, నీ పేరు తెలుసు, గంటలో పోలీసులొస్తారంటున్నాడు. రూట్ 50 మీద కనపడిన స్టోర్లోకి దూరి గిఫ్ట్ కార్డులు కొను, వెనక గీకి నంబర్లు చదువు. రసీదు భద్రంగా దాచు. రిఫండ్ పెంచే మనిషి వచ్చే ఏడాది దాన్ని కూడా జాబ్ ఖర్చుల్లో రాసేస్తాడు.