పన్నెండు షరతుల ఆవకాయ

నమ్మకం మీద నేనెంత బాగా ఉపన్యసిస్తానో మీకు తెలీదు. సింగపూర్‌లో ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్లినా పప్పు వడ్డించేలోపే మొదలెట్టేవాణ్ణి: "మాది నోటిమాట వ్యాపారమండీ. తెనాలిలో మా బావ పచ్చళ్లు పెడతాడు, సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల నేను అమ్ముతాను. ఆరేళ్లుగా కాగితమ్ముక్క లేదు!" అందరూ మెచ్చుకునేవారు. మీరైనా మెచ్చుకునేవారే.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఆరోజే ఇండియాలో లాక్‌డౌన్ మొదలు. అంతకు పది రోజుల ముందే మామిడికాయలకని బావకి మూడు వేల డాలర్లు పంపాను. విమానాలు ఆగాయి, గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, ఏప్రిల్ 7 నుంచి ఇక్కడా 'సర్క్యూట్ బ్రేకర్' అంటూ తలుపులేశారు. సరిగ్గా అప్పుడే బావ మూడు రోజులు ఫోనెత్తలేదు.

మొదటిరోజు 'పాపం' అనుకున్నాను. రెండోరోజు వాడు చిన్నప్పుడు నా గోళీలు కొట్టేసిన సంగతి గుర్తొచ్చింది. మూడోరోజుకి నా డబ్బుతో మేడ కట్టేసి, గృహప్రవేశానికి నన్ను పిలవకపోవడం కూడా కళ్లకు కట్టింది. మీకెప్పుడూ ఇలాంటి మూడోరోజు రాలేదా? వచ్చే ఉంటుంది, ఒప్పుకోరు.

విచిత్రమేమిటంటే, ఏప్రిల్ 7నే ఇక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఈ గడ్డుకాలంలో కొన్నిరకాల ఒప్పందాలు నెరవేర్చలేనివాళ్లని ఆర్నెల్లు కోర్టుకి ఈడ్వొద్దని దాని సారం. దేశం దేశమే పెద్దమనసు చేసుకున్న ఆ రాత్రి నేనేం చేశాను? ఇంటర్నెట్లోంచి ఇంగ్లీషు ఒప్పందమొకటి దించి, పేర్లు మార్చి, పన్నెండు షరతులూ ఉంచి, 'ఫోర్స్ మెజ్యూర్' అని నోరు తిరగని మాటొకటి తగిలించి, 'వెంటనే సంతకం పెట్టి పంపగలరు' అని రాసి, నిద్రకళ్లతో నొక్కేశాను. బావకి కాదు. కుటుంబం వాట్సాప్ గ్రూపుకి. తెల్లారి చూసుకునేసరికి నలభై మంది చదివేశారు.

మేనత్తే ఫోన్ చేసింది. "ఒరేయ్, వేలిముద్ర వేస్తే చెల్లుతుందా? మిల్లు మూసేశారని నేనూ మీ బావా రోట్లో కారం దంచుతున్నాం. ఫోను ముట్టుకున్న చేత్తోనే కళ్లు నులుముకుంటున్నాడని దాన్ని బీరువాలో పడేశాను."

నేను కిక్కురుమనలేదు.

జులైలో ఓడ మీద సీసాలొచ్చాయి, ఒక్కటి పగల్లేదు. చుట్టిన కాగితాలు విప్పితే అన్నీ నా ఒప్పందం పేజీలే! ప్రతిదాని కిందా బావ సంతకం, నాలుగో షరతు కింద మాత్రం ఎర్రగీత. బకాయిలు ముప్పై రోజుల్లో తీర్చాలన్నది ఆ షరతు.

నేను పంపిన మూడు వేలూ అడ్వాన్సు కాదు లెండి, నిరుటి దసరా సరుకు బాకీలో సగం. ఆ సంగతి మీకు మొదట్లో చెప్పలేదు కదూ?