ఏ జట్టొచ్చినా మన జట్టే

భీమిలిలో క్రికెట్ వీరాభిమానిని గుర్తుపట్టాలంటే ముఖం చూడక్కర్లేదు, పెరట్లో దండెం చూస్తే చాలు. ఎద్దు బొమ్మ ఉన్న డెక్కన్ చార్జర్స్ జెర్సీ, నారింజ రంగు సన్‌రైజర్స్, ఊదారంగు పుణె, నీలం ముంబయి, ఎరుపూ నీలం కలిసిన ఢిల్లీ. ఐదూ వరసగా ఆరుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఇంట్లో ఐదుగురు మగపిల్లలున్నారనుకుంటారు. ఉన్నది ఒక్కడే. వయసు యాభై దాటింది. పేరు రాస్తే నొచ్చుకుంటాడు గనక బావ అందాం. వీధిలో సగం మంది అలాగే పిలుస్తారు.

బావని తప్పుపట్టి లాభం లేదు. చెన్నైలో పుట్టినవాడికి ఊరితోపాటు జట్టూ వచ్చేస్తుంది. మనకి స్టేడియం ఉంది గానీ ఐపీఎల్ జట్టు లేదు. విశాఖ మధురవాడ దగ్గరి పోతినమల్లయ్యపాలెం మైదానాన్ని ‘హోం గ్రౌండ్’ అన్నవాళ్లంతా అద్దెకి దిగినవాళ్లే. బావ ఇంటి ఓనరు. ఎవరు దిగినా ఆయనకి సంతోషమే, ఖాళీ చేసినప్పుడే బెంగ.

2012లో డెక్కన్ చార్జర్స్ దిగింది. ఏప్రిల్ 9న ముంబయి మీద మ్యాచ్ చివరి బంతిదాకా వచ్చింది. ఆ బంతిని రోహిత్ శర్మ సిక్సరు కొట్టేశాడు. బావకి రెండ్రోజులు అన్నం సహించలేదు. ఆ బాధ తీరేలోపే, ఏడాది తిరక్కుండా, అసలు జట్టే రద్దయిపోయింది. 2015లో సన్‌రైజర్స్ వచ్చి కొన్ని హోం మ్యాచ్‌లు ఇక్కడ ఆడి హైదరాబాద్ చక్కాపోయింది. 2016లో మహారాష్ట్రలో కరువొచ్చింది. నీళ్లకి కటకటగా ఉంటే మైదానాలు తడుపుతారా అని బాంబే హైకోర్టు మందలించి, ఏప్రిల్ తర్వాతి మ్యాచ్‌లు బయటికి పంపించేయమంది. అలా మే నెలలో పుణె, ముంబయి రెండూ విశాఖలోనే దిగాయి. బావ రెండు జెర్సీలూ కొన్నాడు.

ఆ నెల్లో ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. మే 10న పుణె బౌలర్ ఆడమ్ జంపా 19 పరుగులకే 6 వికెట్లు తీశాడు. అయినా పుణె 4 పరుగుల తేడాతో ఓడింది. గెలిచిందెవరు? నిరుడు మనదే అనుకున్న సన్‌రైజర్స్. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక బావ రెండు ఐస్‌క్రీములు తిన్నాడు. మే 21న పంజాబ్ మీద ఆఖరి ఓవర్లో 23 పరుగులు కావాలి. అక్షర్ పటేల్ బౌలింగ్‌లో ధోనీ అవి కొట్టి చూపించాడు. ‘ఇంక పుణె మనది, జన్మలో మార్చను’ అని సింహాద్రి అప్పన్న మీద ఒట్టేశాడు బావ. మరుసటేడు సీజన్ తర్వాత పుణె జట్టు కూడా లేకుండా పోయింది. ఒట్టు తీసి గట్టున పెట్టాల్సొచ్చింది.

అమెరికాలో ఉన్న అల్లుడు ఓసారి ఫోన్లో బేస్‌బాల్ కథ చెప్పాడు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ అని పాత జట్టు ఉండేదట. 1957 సీజన్ అవగానే ఓనరు దాన్ని లాస్ ఏంజెలెస్‌కి తరలించుకుపోతే, అభిమానులు తరాల తరబడి తిట్టుకున్నారట. బావ అంతా విని, ‘ఒక్క జట్టు ఎల్లిపోతేనే అంత ఇదైపోనారేటి అల్లుడుగారూ? మరి మేవేటైపోవాల?’ అన్నాడు.

జట్టు విషయంలో ఎన్ని రంగులు మార్చినా, టిక్కెట్టు విషయంలో బావది ఏకపత్నీవ్రతం. ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలయ్యే పూట ఇంట్లో మూడు ఫోన్లు ఆయన ముందే ఉండాలి. అక్క ఫోనుకి ఓటీపీ వస్తుంది గనక ఆ గంటసేపు పుట్టింటి నించి ఫోనొచ్చినా ఎత్తడానికి వీల్లేదు. దొరికాక దాన్ని అసలు టిక్కెట్టుగా మార్చుకోవడానికి మళ్లీ ఎండలో క్యూ. తెచ్చిన టిక్కెట్టు దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద ఉంటుంది. మ్యాచ్ రోజు బీచ్ రోడ్డు మీద రుషికొండ దాకా పోయి లోపలికి తిరగాలా, తగరపువలస మీదుగా హైవే ఎక్కాలా అని పొద్దున్నించీ చర్చ. ‘స్టేడియం మన భీమిలి నియోజకవర్గంలోదే గదా, మనకి వేరే గేటెట్టాల’ అని ఏటా ఒకసారి గుర్తుచేస్తాడు.

2005 ఏప్రిల్ 5న అక్కడ జరిగిన తొలి వన్డేలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టినప్పుడు బావ గ్యాలరీలోనే ఉన్నాడు. ‘పుట్టింది రాంచీలోనే గానీ, ధోనీ అయింది మాత్రం మధురవాడలో’ అంటాడు. అందుకే 2024 మార్చి 31న ఢిల్లీ హోం జట్టుగా చెన్నైతో ఆడితే బావ పైన ఢిల్లీ చొక్కా, లోపల పసుపు చొక్కా తొడుక్కెళ్లాడు. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, మ్యాచ్ ఢిల్లీ గెలిచింది. ఆ రాత్రి బావంత సుఖంగా నిద్రపోయినవాడు జిల్లాలో లేడు. ఢిల్లీ మనకేమవుతుంది బావా అంటే జవాబు సిద్ధం: ‘అందులో వాటా జీఎంఆర్ వాళ్లది. జీఎంఆర్ గారిది రాజాం. రాజాం అంటే మనోళ్లు కాదేటి?’

బావకి తీరని బాకీ ఒకటుండేది. 2023 మార్చి 19న ఆస్ట్రేలియాతో వన్డే. స్టార్క్ 5 వికెట్లు తీస్తే మనవాళ్లు 26 ఓవర్లలో 117కి ఆలౌట్. ఆస్ట్రేలియా 11 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టేసింది. నూరు ఓవర్లకి టిక్కెట్టు కొంటే చూపించింది 37. మిగతా 63 ఓవర్లు స్టార్క్ తనకి బాకీ అని క్యాలెండర్ వెనక రాసుకున్నాడు.

2025 మార్చి 30న అదే స్టార్క్, అదే మైదానంలో, ఢిల్లీ చొక్కాలో సన్‌రైజర్స్ మీద 5 వికెట్లు తీసి ఆ బాకీ చెల్లించాడు. అయితే మధ్యలో చిన్న చిక్కు. మన గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సన్‌రైజర్స్ తరఫున బ్యాటు పట్టుకొస్తుంటే, ఢిల్లీ జెర్సీలో ఉన్న బావ లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టాడు. స్టార్క్ వాణ్ని సున్నాకే పంపించాడు. బావ కూర్చోలేదు, చప్పట్లూ ఆపలేదు. వెనక వరసలో కుర్రాడికి ఒళ్లుమండి, ‘ఇంతకీ మీది ఏ పార్టీ అంకుల్?’ అన్నాడు.

బావ వెనక్కి తిరక్కుండానే చెప్పాడు: ‘టిక్కెట్టు కొన్న పార్టీ.’