సాంచ మీద తాత, పూనాలో మనవడు

సోలాపూర్ సాఖర్ పేటలోనూ, అశోక్ చౌక్ చుట్టుపక్కలా పద్మశాలి తండ్రులకు చాలాకాలంగా ఒకటే జపం: "ఈ సాంచల (మరమగ్గాల) బతుకు మాతోనే పోవాలె. నువ్వు కంప్యూటర్ నేర్చుకో బిడ్డా!" ఊరికే అన్నమాట కాదది. తెలంగాణ పల్లెల నుంచి వాళ్ల పెద్దలు వలస వచ్చిందే మిల్లులను నమ్ముకుని. వాటిలో 1877లో పెట్టిన జూనీ మిల్లు 1960లలో మూతపడింది.

బిడ్డ బుద్ధిమంతుడు. కంప్యూటర్ నేర్చాడు, పూనా వెళ్లాడు. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల పైచిలుకు ఉద్యోగులను తగ్గించుకుంటామని చెప్పింది. ఇది ఏఐ వల్ల కాదట, నైపుణ్యాలు పొసగకపోవడం వల్లనట. జూనీ మిల్లు కార్మికులకు పాపం ఇంత మర్యాదైన మాట దొరకలేదు.

చిత్రమేమిటంటే, బిడ్డ పారిపోయింది కంప్యూటర్ తాతగారి ఇంటి నుంచే. సోలాపూర్ చద్దరు మీద పువ్వూ నెమలీ పొడిచేది జాకార్డు యంత్రం. 1804లో ఫ్రాన్సులో దాన్ని చేసిన జాకార్డు అనే ఆయన చేసిన పనల్లా అట్టలకు చిల్లులు పెట్టి, ఏ పడుగు పోగు లేవాలో, ఏది పడుకోవాలో వాటితో చెప్పించడం. చిల్లుంటే ఒక సంగతి, లేకుంటే ఇంకో సంగతి. ఆ అట్టల్నే బాబేజి తన లెక్కల యంత్రానికి అరువు తెచ్చుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలూ చిల్లుల అట్టల మీదే తేలాయి. తాత జాకార్డు ఇప్పటికీ సాంచ నెత్తిన కూర్చుని డ్యూటీ చేస్తుంటే, మనవడు ఏఐ లోకమంతటికీ రిటైర్మెంట్ ఆర్డర్లు పంచుతున్నాడు.

ఆ మనవడికి చద్దరు డిజైను పురమాయించి చూడండి. క్షణంలో నెమలి వస్తుంది, వెయ్యి ఛాయల్లో. సాంచ మీదున్నవేమో నాలుగైదు రంగుల నూలు! ఆ నెమలిని గళ్ల కాగితం మీదికి దింపి, ఏ గడిలో ఏ పోగు లేవాలో తేల్చడానికి మళ్లీ డిజైన్ మాస్టరే కావాలి. అయితే ఇప్పుడాయన్ను "బొమ్మ మిషనే గీసిందిగా, నీకెంతియ్యాలె?" అని బేరమాడొచ్చు. ఏఐ ఆయన పని ముట్టుకోలేదు, కూలి మాత్రం ముట్టుకుంది.

కొలువు పోతుందన్న బెంగ అసలే లేనివాళ్లూ అదే ఇంట్లో ఉన్నారు: ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. తునికాకు కత్తిరించి, పొగాకు పెట్టి, చుట్టి, దారం కట్టే ఆ వేళ్లను మిషను కొనితెచ్చి ఓడించాలంటే ఖర్చు. వెయ్యి బీడీలకిచ్చే కూలితో పోలిస్తే ఏ మిషనైనా దుబారాయే. ఏఐ పెద్ద జీతాల వాసన పట్టి వస్తుంది, అంత తక్కువ కూలి దాని ముక్కుకు ఆనదు. పూనా ఉద్యోగికి లేని ఉద్యోగ భద్రత వాళ్లమ్మకు ఉంది, పేదరికం పూచీ మీద.

2026-27 నుంచి మూడో తరగతిలోనే ఏఐ పాఠాలు మొదలుపెడతామని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. పిల్లలకు గణన ఆలోచన అలవడాలట. కట్టకు 25, వెయ్యికి 40 కట్టలు అని అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టే పిల్లకు పాఠం కొంత ఆలస్యంగా అందుతున్నట్టే.

బీడీ కార్ఖానాలో ఏఐకి పనికొచ్చే కొలువు ఒకటుంది: తెచ్చిన బీడీలను చూసి బాగాలేనివి ఏరి అవతల పారేయడం. కెమెరా పెడితే చాలు. కానీ ఏరేసినవాటికి కూలి కోసే విద్యలో గుమాస్తా ఎప్పుడో ఆరితేరాడు, జీతమూ చవకే. కాబట్టి అక్కడా ఖాళీ లేదు.