పైలం మామ

మా వాడలో ఇల్లు మారేవాళ్లు మొదట ముహూర్తం చూసుకుంటారు. తర్వాత డీసీఎం మాట్లాడుకుంటారు. ఆ తర్వాత, పైలం మామకు తెలియకుండా సామాను ఎట్లా తరలించాలా అని మొగుడూపెళ్లాలు గుసగుసలాడుకుంటారు. మొదటి రెండూ ఎట్లాగో కుదురుతాయి. మూడోది హన్మకొండలో ఇంతవరకు ఎవరికీ కుదరలేదు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చిందంటే చాలు, ఆయన చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఏ వాకిట్లోనైనా విప్పిన మంచం గోడకు ఆనించి కనబడితే అరగంటలో అక్కడ ఉంటాడు. చంకలో పాత పేపర్ల కట్ట, లాల్చీ జేబులో సుతిలి ఉండ, ముంజేతికి కడియంలా బ్రౌన్ టేపు, చెవి మీద స్కెచ్ పెన్ను. బాగున్నారా అని అడగడు. "గాజు సామాను మీద ఎవలన్న చెయ్యి వెట్టిండ్రా?" అని అడుగుతాడు. పెట్టామంటే, పెట్టిందంతా విప్పుతాడు. లేదంటే చాప పరిచి కూర్చుంటాడు. ఎట్లయినా ఆ పూట పని ఆయనదే, టీలు మనవి.

అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉండే ఉంటుంది. మాకందరికీ పైలం మామ. పైలం అంటే జాగ్రత్త అనే అర్థం గానీ, జాగ్రత్త అన్నమాటలో ఇంత మమకారం ఉండదు. కాజీపేటలో రైల్వే పార్సిల్ పని చేసి రిటైరయ్యాడు. పార్సిళ్లు ఆయన్ను వదిలినా ఆయన పార్సిళ్లను వదల్లేదు. ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడని నా నమ్మకం. కరీంనగర్‌లో ఉంటాడు, గుంటూరులో ఉంటాడు. అమెరికాలో అపార్ట్‌మెంటు మారిన మా తమ్ముడికి కూడా ఒక తెలుగాయన దొరికాడట, పిలవకుండానే.

నిజం చెప్పాలంటే మామకు పని వచ్చు. అదే అసలు ఇబ్బంది. రాకపోతే పంపించేసేవాళ్లం.

చినీ పళ్లేలను మనం ఏం చేస్తాం? ఒకదాని మీద ఒకటి పేర్చి పేపరు చుట్టి డబ్బాలో పడుకోబెడతాం. మామ చూస్తే గుండె పట్టుకుంటాడు. "పండవెడితె పైదాని బరువంత కిందిదే మొయ్యాలె. బండి ఎగిరిందంటె అడుగుదాని పని ఖతం. నిలవెట్టు. అంచు మీద నిలవడ్డ పళ్లెం దెబ్బకు ఆగుతది." గ్లాసు బయట చుట్టే ముందు లోపల కాగితం కుక్కాలి. బరువైనవి చిన్న డబ్బాలో, తేలికవి పెద్ద డబ్బాలో. మనం సరిగ్గా తలకిందులుగా చేసి, పుస్తకాలన్నీ ఫ్రిజ్జు డబ్బాలో నింపి హమాలీని పిలుస్తాం. డబ్బా అడుగున టేపు రెండు వరసలు. నింపాక ఆయన డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా ఊపుతాడు. లోపల ఏదైనా కిసుక్కుమన్నదా, మళ్లీ మొదటికొస్తుంది కథ. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ దగ్గకూడదు.

పేపరు చుట్టడంలో ఇంకో పెద్ద శాస్త్రం ఉంది. అచ్చు సిరా తెల్ల పింగాణికి అంటుకుంటుందని మొదట తెల్లకాగితం, ఆపైన వార్తాపత్రిక. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఏ పేజీ దేనికన్నది కూడా ఆయనే తేల్చాలి. దేవుడి పటాలకు సినిమా పేజీ పనికిరాదు. పెళ్లికి వచ్చిన డిన్నర్ సెట్టుకు శ్రద్ధాంజలి ప్రకటనలున్న పేజీ అసలే పనికిరాదు. ఊరగాయ జాడీలకు రాజకీయాలు, "అవెట్లయిన పులిసేటియే" గనుక. ఏ పేజీ దేనికి చెందుతుందో తెలియాలంటే చదవాలి కదా. చదువుతాడు. ఆరు కప్పులు చుట్టేసరికి మనకు రెండేళ్ల కిందటి పత్తి ధర తెలుస్తుంది.

బుడగల ప్లాస్టిక్కంటే ఆయనకు చిన్నచూపు. 1957లో న్యూజెర్సీలో ఫీల్డింగ్, షావన్ అనే ఇద్దరు గోడకు అతికించే కొత్తరకం కాగితం చేయబోతే అది తయారైందనీ, గోడకు పనికిరాక చివరికి సామాన్లకు చుట్టారనీ ఒకసారి చెప్పాను. ఎంతో సంతోషించాడు. "నేనెప్పుడో అన్న! గోడకు గూడ పనికిరానిది గ్లాసుకేం పనికొస్తది?" ఆయన మెత్త వేరే ఉంది. వరిగడ్డి, పాత చీరలు, కొత్తవాడలో నేసిన జంపఖానాలు. అద్దానికి జంపఖానా చుట్టి సుతిలితో కడితే మధ్యయుగపు ఖైదీలా కనిపిస్తుంది గానీ, పగలదు.

ఆయన జీవితంలో మచ్చ ఒక్కటే, అదీ సంచుల వల్ల వచ్చింది. మా దోస్తు వడ్డేపల్లి నుంచి సుబేదారికి మారుతున్నప్పుడు అట్టడబ్బాలు తక్కువ పడ్డాయి. మామ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి వాడిన బార్దాన్ సంచులు చవకగా తెచ్చాడు. గోనె మెత్తగా ఉంటుంది, గాలి ఆడుతుంది, రెండూ నిజమే. ఆ సంచుల్లో అంతకుముందు మిర్చి ఉందన్న సంగతి మాత్రం కొత్తింట్లో పాలు పొంగుతున్నప్పుడు, సత్యనారాయణ వ్రతానికి పళ్లేలు కావాలని ఎవరో సంచి దులిపినప్పుడు తెలిసింది. మొదటి తుమ్ము పంతులుగారిదే. ఒక తుమ్ము అపశకునం, జంట తుమ్మితే దోషం లేదంటారు. రెండోది వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. అదే పొరపాటు. పంతులుగారు పదిహేడు దాకా వెళ్లి ఆగారు. సంకల్పం ఆపేసి, పద్దెనిమిదో తుమ్ము కోసం ఇంటిల్లిపాదీ ఆయన ముక్కువంక చూస్తూ కూర్చున్నాం. మామ మాత్రం ఎర్రబడిన కళ్లు తుడుచుకుంటూ ఒకటే మాట: "ఒక్క గ్లాసన్న పగిలిందా? చెప్పుండ్రి, ఒక్కటన్న పగిలిందా?" పగల్లేదు. ఆరు నెలలపాటు ఆ గ్లాసుల్లో మజ్జిగకు వేరే మిరపకాయ వేసే అవసరం కూడా రాలేదు.

పగలకపోవడం వేరు, దొరకడం వేరు. ఈ తేడా మామ ఒప్పుకోడు. ప్రతి డబ్బాకూ నంబరు వేస్తాడు. ఏ నంబరులో ఏముందో నోటుబుక్కులో ఎక్కిస్తాడు. ఆ నోటుబుక్కు పోకూడదని దాన్నీ పైలంగా ఒక డబ్బాలో పెడతాడు. అది ఏ డబ్బానో నోటుబుక్కులోనే రాసి ఉంటుంది. కొత్తింటికి వచ్చిన మూడోనాడు టీ జాలి దొరకక బనీను గుడ్డతో టీ వడకట్టుకుంటున్న ఇల్లాలు నిలదీస్తే ఆయన వేయి స్తంభాల గుడి ఎత్తుకుంటాడు. "కల్యాణమండపం రాళ్లకు నంబర్లేసి విప్పిండ్రమ్మ. మల్ల నిలవెట్టి 2024 శివరాత్రికి తెరిచేటాల్లకు పదిహేనేండ్లు దాటింది. నీకు వారం గూడ ఓపిక లేకపాయె?"

కాకతీయులంతా ప్యాకింగు చేసేవాళ్లేనని ఆయన లెక్క. రామప్ప గుడికి పునాదిలో ఇసుక ఎందుకు నింపారు? భూమి అదిరినా ఆ అదురు పైదాకా రాకుండా. డబ్బా అడుగున పొట్టు పోయడం అంటే అదే కదా అంటాడు. రేచర్ల రుద్రుడు వింటే ఏమనుకునేవాడో! 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు సొత్తును వెయ్యి ఒంటెల మీద ఢిల్లీకి తరలించాడని అమీర్ ఖుస్రో రాశాడంటారు. మనం దాన్ని చదివి బాధపడతాం. మామ బాధ వేరు. "వెయ్యి ఒంటెలని రాసిండు సరే. కట్టింది ఎవలు? తొవ్వల పగిలినయెన్ని? గది రాయొద్దా?"

పోయిన ఏడు మా ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి హైదరాబాదు నుంచి ప్యాకర్స్‌ను పిలిపించాడు. ఒకే రంగు చొక్కాల పిల్లలు ఆరుగురు వచ్చి మూడు గంటల్లో ఇల్లు ఊడ్చేసినట్టు సర్దేశారు. మామ ప్రహరీ గోడ మీద, చావింటికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. టీవీని పడుకోబెడతారేమోనని చూశాడు, నిలబెట్టే ఎక్కించారు. ఫ్రిజ్జును కూడా అంతే. వారం తర్వాత ఫోను చేసి అడిగితే ఒక్కటీ పగల్లేదట. రెండు రోజులు మనిషి అన్నం సరిగ్గా తినలేదని అత్త చెప్పింది.

ఈ అత్త గురించి ఇంతవరకు చెప్పలేదు. చెప్పడానికి ఆమె ఎప్పుడూ మాట్లాడితే కదా. వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా టీ స్టీలు గ్లాసులోనే ఇచ్చేది. ఊరందరి పింగాణికీ కాపలా కాసే ఇంట్లో ఒక్క కప్పు కూడా ఎందుకు కనబడదో మాకు ఈ శ్రావణంలో తెలిసింది. కొడుకు కట్టిన కొత్తింటికి వాళ్లే మారుతున్నారు. సజ్జ మీది డబ్బాలు దింపడానికి నేనూ వెళ్లాను. ఒక మూల, నాలుగు దిక్కులా టేపు, అడ్డం నిలువు సుతిలి, పైన ఎర్ర అక్షరాలతో ఒకటే మాట, పైలం. లోపలేముందో రాసి లేదు. 1996లో డోర్నకల్ నుంచి కాజీపేటకు బదిలీ అయి వచ్చినప్పుడు కట్టిన డబ్బా అది. మళ్లీ బదిలీ అయితే ఎందుకు విప్పి కట్టడమని అట్లాగే ఉంచాడు. బదిలీ కాలేదు, రిటైరయ్యాడు. డబ్బా మాత్రం డ్యూటీలోనే ఉంది.

"మా తల్లిగారిచ్చిన కప్పులు," అన్నది అత్త. కత్తిపీట తెచ్చి, ఆయన "ఆగు, ఆగు" అంటుండగానే సుతిలి కోసేసింది.

ఆరు కప్పులు, ఆరు సాసర్లు. నీలం పూలు. వెంట్రుక మందం పగులు కూడా లేదు. మామ అప్పటికే చుట్టిన కాగితం విప్పి చదువుతున్నాడు. ఆ డబ్బాలో పీవీ ఇంకా ప్రధానమంత్రే. "అరె, ఈడెన్ గార్డెన్ల మనోళ్లు ఓడిపోయిండ్రు," అన్నాడు, నిన్నటి మాటలా.

అత్త కప్పులు కడిగి టీ పోసింది. నాకొకటి, ఆమెకొకటి, ఆయనకొకటి. ఇరవై ఎనిమిదేళ్లు దాటాక మొదటిసారి ఆ కప్పు పట్టుకున్న మామ, పసిగుడ్డును ఎత్తుకున్నట్టు రెండు చేతులూ సాసరు కింద పెట్టి బిగుసుకుపోయాడు. తాగాలంటే ఒక చెయ్యి తీయాలి. తీయడు.

"తాగయ్యా, చల్లారుతది," అన్నది అత్త.

"తాగుత తియ్యి," అన్నాడు కప్పు మీంచి చూపు మరల్చకుండా. "ముందుగాల గా డబ్బ పారెయ్యకుండ్రి. మంచిగున్నది, ఇంకా పనికొస్తది."