గ్రూపు నిర్ణయ మహాసభ

బందరున గాని, గుడివాడయందు గాని, దివిసీమలో గాని, పదవ తరగతి ఫలితములు వెలువడిన మరుక్షణమే ఇంటింట నొక మహాసభ కొలువుదీరును. అందు తండ్రి అధ్యక్షుడు, మేనమామ ప్రధాన వక్త, కార్పొరేటు కళాశాల పంపిన పీఆర్వో విశిష్టాతిథి కాగా, ఎవని భవితవ్యమును గూర్చి ఇంత మేధోమథనము జరుగుచున్నదో ఆ పదునైదేండ్ల బాలుడు మాత్రము కాఫీ గ్లాసు లందించు కార్యమున నియుక్తుడై యుండును. ఎంపీసీయా, బైపీసీయా యను మీమాంసను దాటి సభ యొక్క యడుగైన ముందునకు సాగదు. వ్యవసాయ పాలిటెక్నిక్ అని ఎవరేని నోరుజారినచో, మూడు తరములుగా మాగాణి దున్నిన ఆ వంశమునకు అది అపశకునముగా వినబడును!

వైద్యవిద్య నభ్యసించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఈ బందరుననే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. బైపీసీ బిడ్డడు బ్యాంకు పెట్టుట నేటి సభా నిబంధనలకు కేవలము విరుద్ధము. 1910లో ఇచ్చటనే కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకములతో పాటు చేతిపనులును నేర్పిరి. నేడైనచో పీఆర్వో ముందుగా ర్యాంకు లెన్నియని యడుగును. ఇక గుడివాడ కళాశాలకు తన పేరునే యొసగిన అక్కినేని నాగేశ్వరరావుగారి బడిచదువు ప్రాథమిక స్థాయిలోనే ముగిసినది గావున, ఆ కళాశాలలో ఆయనకే సీటు దొరకదు.

తల్లిదండ్రులారా, ఫీజు మొదటి వాయిదా చెల్లించుటకు ముందు, మీ పిల్లవానికి అయిదేండ్లు పాఠము చెప్పిన బడి మాస్టారి నొకమాటు సంప్రదింపుడు. ఆయనకు కమీషను ముట్టదు.